ప్రధాన సంఖ్యల అనుక్రమాలు: కొన్ని కోట్లు దాటి వెళ్తాయి, కొన్ని యాభై దగ్గరే ఎందుకు ఆగుతాయి?

2024 అక్టోబర్‌లో అప్పటిదాకా తెలిసిన వాటన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందని వార్త వచ్చింది. 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. రాయాలంటే 4,10,24,320 అంకెలు. దాని కోసం ఎన్నో దేశాల డేటా సెంటర్లలో జీపీయూలు పనిచేశాయి. ఈ కోవకు చెందిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలు దాంతో కలిపి తెలిసినవి 52 మాత్రమే.

ఇటు బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యే మన పిల్లలు, మామూలు ల్యాప్‌టాప్ మీద 100 కోట్ల లోపు ప్రధాన సంఖ్యలన్నిటినీ కొద్ది సెకన్లలో రాబడుతున్నారు. అవి మొత్తం 5,08,47,534. ఒకచోట ఇన్ని కోట్లు ఇంత సులువుగా వస్తుంటే, ఇంకోచోట ఒక్కటి దొరికితే వార్త ఎందుకవుతోంది? రెండూ నిజాలే. తేడా అంతా మనం యంత్రాన్ని ఏం అడుగుతున్నామన్న దాంట్లో ఉంది.

ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు నాకు ఇదే తికమక ఇంకో రూపంలో ఎదురవుతుంది. "సార్, పది వేల దాకా టకటకా వస్తోంది, కోటి ఇచ్చేసరికి హ్యాంగ్ అవుతోంది" అంటారు. ప్రోగ్రాంలో తప్పుండదు. జవాబు కూడా కరెక్టే. ఎంచుకున్న దారి పొడవాటి ప్రయాణానికి పనికొచ్చేది కాదు, అంతే.

నాలుగు రకాల ప్రశ్నలు

1 కన్నా పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించడానికి వీల్లేనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 అలాంటివి. 4, 6, 9 లాంటివి సంయుక్త సంఖ్యలు. ఒక నియమం ప్రకారం వరసగా వచ్చే సంఖ్యల జాబితా అనుక్రమం. అందులో ఒక్కొక్కటీ ఒక పదం.

ప్రధాన సంఖ్యల మీద కట్టిన అనుక్రమాలు వేలల్లో ఉన్నాయి, కానీ లెక్కించే కష్టాన్ని బట్టి చూస్తే ముఖ్యమైన రకాలు కొన్నే. "ఇంత లోపు ఉన్నవన్నీ చెప్పు" అనేది ఒకటి. "ఎన్ని ఉన్నాయో చెప్పు చాలు" అనేది రెండోది. "ఈ ఒక్క సంఖ్య ప్రధానమా కాదా" అనేది మూడోది. "ఈ సంఖ్యకు కారణాంకాలు ఏవి" అనేది నాలుగోది. పైకి ఒకదానికొకటి చుట్టాల్లా కనిపిస్తాయి గానీ ఖర్చులో వీటి మధ్య నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

ఒక్కొక్క సంఖ్యనూ అడగడం కన్నా అందరినీ ఒకేసారి జల్లించడం మేలు

9,973 ప్రధాన సంఖ్యా? మొట్టమొదట తట్టే పద్ధతి 2 నుంచి 9,972 దాకా అన్నిటితోనూ భాగించి చూడటం. అంత అవసరం లేదు. రెండు కారణాంకాలూ వర్గమూలం కన్నా పెద్దవైతే వాటి లబ్ధం 9,973ని దాటిపోతుంది కాబట్టి 99 దాకా చూస్తే చాలు. అందులోనూ ప్రధాన సంఖ్యలతోనే భాగించాలి. 100 లోపు అవి 25. ఆ 25 భాగహారాల్లో ఏదీ శేషం లేకుండా పోదు, కాబట్టి 9,973 ప్రధాన సంఖ్యే. నాలుగంకెల వాటిలో అదే ఆఖరుది.

ఒక్క సంఖ్యకు 25 భాగహారాలంటే బాగానే ఉంది. కోటి సంఖ్యలకూ విడివిడిగా ఇదే పని చేస్తే భారం పెరిగిపోతుంది. పైగా ఒక సంఖ్య కోసం పడిన శ్రమ పక్క సంఖ్యకు ఏమాత్రం ఉపయోగపడదు. బళ్లో మనందరం నేర్చుకున్న ఎరటోస్థనీస్ జల్లెడ ఈ చిక్కునే విప్పుతుంది. అందులో భాగహారమే లేదు. 2ను ఉంచి దాని గుణిజాలు కొట్టేస్తాం, 3ను ఉంచి దాని గుణిజాలు కొట్టేస్తాం, అలా సాగుతాం.

100 దాకా జల్లించేటప్పుడు 7 వంతు వచ్చిన క్షణాన్ని గమనించండి. 14, 21, 28, 35, 42 అప్పటికే పోయాయి. 7×7 అయిన 49 నుంచి మొదలుపెడితే సరిపోతుంది. అక్కణ్నుంచి కూడా కొత్తగా కొట్టాల్సినవి 49, 77, 91 ఈ మూడే. తర్వాతి ప్రధాన సంఖ్య 11, దాని వర్గం 121 కాబట్టి పని అయిపోయింది. మిగిలినవి 25.

ప్రధాన సంఖ్యలు పెద్దవయ్యే కొద్దీ వాటి గుణిజాలు పలచబడతాయి. అందుకే 100 కోట్ల దాకా జల్లించినా ఒక్కో సంఖ్య మీద సగటున మూడు గీతలు కూడా పడవు. ఆ సగటు ఎంత నెమ్మదిగా పెరుగుతుందంటే, ఆచరణలో జల్లెడ ఖర్చు సంఖ్యల సంఖ్యకు అనులోమంగానే ఉందనుకోవచ్చు. పీజీ గదిలో కోట్ల ప్రధాన సంఖ్యలు రాలిపడటానికి కారణం ఇదే.

లెక్క కన్నా మెమరీ ఎక్కువ టైమ్ తినే చోటు

ఇక్కడ పుస్తకానికీ యంత్రానికీ తేడా వస్తుంది. 100 కోట్ల సంఖ్యలకు ఒక్కో బైట్ కేటాయిస్తే సుమారు 1 జీబీ కావాలి. ఉందా లేదా అని గుర్తు పెట్టుకోవడానికి ఒక్క బిట్ చాలు కాబట్టి అది 125 ఎంబీకి తగ్గుతుంది. సరి సంఖ్యలను అసలు రాయకపోతే 62.5 ఎంబీ. 2, 3, 5 మూడింటి గుణిజాలనూ ముందే వదిలేస్తే ప్రతి 30 సంఖ్యల్లోనూ 1, 7, 11, 13, 17, 19, 23, 29 శేషాలు వచ్చే ఎనిమిదే మిగులుతాయి. ఎనిమిది అంటే సరిగ్గా ఒక బైట్! ముప్ఫై సంఖ్యలు ఒక బైట్‌లో సర్దుకుంటాయి, మొత్తం దాదాపు 33 ఎంబీకి దిగుతుంది. ఈ అమరిక చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అయినా 33 ఎంబీ పట్టికలో 10,007 అనే ప్రధాన సంఖ్య గుణిజాలను కొట్టుకుంటూ పోతుంటే ప్రతి గీతకూ మెమరీలో దూరంగా ఎక్కడికో వెళ్లాలి. ప్రాసెసర్‌కు అంటిపెట్టుకుని ఎల్1 క్యాష్ అనే చిన్న చోటు ఉంటుంది. చాలా వాటిలో ఒక్కో కోర్‌కు 32 లేదా 48 కేబీ. పొయ్యి పక్కనున్న పోపుల పెట్టెలోంచి ఆవాలు తీయడానికీ, ప్రతిసారీ కొట్టు గదిలోకి వెళ్లి తేవడానికీ ఉన్న తేడా ఇది. అందుకే జల్లెడను ముక్కలు చేస్తారు. క్యాష్‌లో పట్టేంత ముక్క తీసుకుని, దాన్ని పూర్తిగా జల్లించి, ఫలితం వాడుకుని, అదే చోటును తర్వాతి ముక్కకు వాడతారు. 100 కోట్ల దాకా వెళ్లడానికైనా చేతిలో ఉంచుకోవాల్సినవి 31,623 లోపు ప్రధాన సంఖ్యలే. అవి 3,401.

దాచుకోవడంలోనూ ఇలాంటి కిటుకు ఒకటుంది. ప్రధాన సంఖ్యల బదులు వరస ప్రధాన సంఖ్యల మధ్య దూరాలు దాచవచ్చు. 100 కోట్ల లోపు అతి పెద్ద దూరం 282. 2 తర్వాత దూరాలన్నీ సరి సంఖ్యలే కాబట్టి సగం చేసి రాస్తే ప్రతిదీ ఒక బైట్‌లో పడుతుంది.

ఒకే పట్టిక నుంచి ఎన్నో అనుక్రమాలు

జల్లెడలో గీత కొట్టడంతో సరిపెట్టకుండా, "నిన్ను మొదట కొట్టింది ఎవరు" అన్నది కూడా రాసుకుంటే ప్రతి సంఖ్య పక్కనా దాని అతి చిన్న ప్రధాన కారణాంకం ఉంటుంది. 60 పక్కన 2. 60ని 2తో భాగిస్తే 30, దాని పక్కనా 2. తర్వాత 15, దాని పక్కన 3. తర్వాత 5. మూడు అడుగుల్లో 60 = 2×2×3×5 అని తేలిపోయింది. భాజకాలు ఎన్ని, ప్రధాన కారణాంకాలు ఎన్ని, వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఎన్ని, ఇలా ఎన్నో అనుక్రమాలు ఈ ఒక్క పట్టికలోంచే వస్తాయి.

దీన్ని తయారు చేయడంలో రెండు వాదాలున్నాయి. లీనియర్ జల్లెడ అనే పద్ధతిలో ప్రతి సంయుక్త సంఖ్యనూ దాని అతి చిన్న కారణాంకం ద్వారా ఒక్కసారే కొడతారు. కాగితం మీద ఇదే గొప్పది. కానీ అది మెమరీలో అటూ ఇటూ దూకుతుంది, ప్రతి అడుగులో శేషం కూడా చూడాలి. ముక్కలుగా చేసిన పాత జల్లెడ గీతలు ఎక్కువ కొట్టినా చాలా యంత్రాల మీద ముందుంటుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ప్రధాన సంఖ్యలే కావాలంటే పాతదే మేలు, కారణాంకాల పట్టిక కావాలి, అది మెమరీలో పడుతుంది అంటే లీనియర్ జల్లెడ తేలిక. ఒక్కో సంఖ్యకు 4 బైట్లు లెక్కన 100 కోట్లకు అది 4 జీబీ తింటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

వెనక పదాలను బట్టి ముందుకెళ్లే అనుక్రమం

కొన్ని అనుక్రమాలు ఒక్క సంఖ్యను చూస్తే తేలవు, అప్పటిదాకా నడిచిన కథంతా కావాలి. లగారియాస్, రెయిన్స్, స్లోన్ 2002లో వ్యాసం రాసిన ఈకేజీ అనుక్రమం అలాంటిది. గ్రాఫ్ గీస్తే గుండె ఈసీజీలా ఎగిరిపడుతుందని ఆ పేరు. 1, 2తో మొదలవుతుంది. ఆ తర్వాత, ఇంతవరకు వాడని వాటిలో, ముందు పదంతో 1 కాక ఇంకో కారణాంకమైనా పంచుకునే అతి చిన్న సంఖ్య రావాలి.

2 తర్వాత 4. 4 తర్వాత 6. 6 తర్వాత 3, ఎందుకంటే అది ఇంకా వాడలేదు. 3 తర్వాత 9. 9కి 3 గుణిజం కావాలి, 3, 6, 9 అయిపోయాయి కాబట్టి 12. తర్వాత 8, 10, 5, 15, 18, 14, 7, 21. ప్రధాన సంఖ్య వచ్చే తీరు చూడండి: 10, 5, 15. 14, 7, 21. కాస్త ముందుకెళ్తే 22, 11, 33. ముందు రెట్టింపు, తర్వాత తాను, తర్వాత మూడు రెట్లు. 2 తప్ప ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే జరుగుతుందని పొడవుగా లెక్కించి ఊహించారు, 2008లో హాఫ్‌మన్, పిలిప్‌చుక్ రుజువు చేశారు.

దీన్ని లెక్కించే అమాయక పద్ధతి, ప్రతి పదానికీ మొదట్నుంచీ వాడని సంఖ్యలన్నీ వెతికి గ.సా.భా. చూడటం. అలా చేస్తే పదాలు పదిరెట్లయితే పని వందరెట్లకు పోతుంది. తెలివైన పద్ధతిలో ప్రతి ప్రధాన సంఖ్య దగ్గరా ఒక ముల్లు పెడతాం. "నా గుణిజాల్లో ఇంకా వాడని అతి చిన్నది ఇది" అని చూపడమే దాని పని. ముందు పదం 18 అయితే దాని ప్రధాన కారణాంకాలు 2, 3. అప్పటికి 2 ముల్లు 14 మీద, 3 ముల్లు 21 మీద ఉంటాయి. చిన్నది 14, అదే తర్వాతి పదం. 10 లక్షల లోపు ఏ సంఖ్యకైనా వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఏడుకు మించవు (2×3×5×7×11×13×17 అంటేనే 5,10,510), కాబట్టి ఏ అడుగులోనూ ఏడు ముళ్లకు మించి చూడక్కర్లేదు. ముల్లు ఎప్పుడూ ముందుకే జరుగుతుంది, వెనక్కి రాదు. 2 ముల్లు 2 గుణిజాల మీద, 3 ముల్లు 3 గుణిజాల మీద ఒక్కసారే నడుస్తాయి. ఆ నడకలన్నీ కూడితే జల్లెడలో కొట్టిన గీతల లెక్కే మళ్లీ వస్తుంది.

జాబితా రాయకుండా ఎన్నో చెప్పడం

100 లోపు ప్రధాన సంఖ్యలు ఎన్ని అని మాత్రమే కావాలనుకుందాం. లెజాండ్ర చూపిన దారి ఇది. 100లోంచి 2, 3, 5, 7 గుణిజాలు తీసేద్దాం: 50+33+20+14 = 117. కానీ 6, 10 లాంటి వాటి గుణిజాలు రెండుసార్లు పోయాయి, తిరిగి కలపాలి: 16+10+7+6+4+2 = 45. 30, 42, 70 గుణిజాలు ఎక్కువసార్లు కలిశాయి, తీసేయాలి: 3+2+1 = 6. మొత్తం 100−117+45−6 = 22. అందులో 1 కూడా ఉంది, దాన్ని తీసి, మనమే కొట్టేసిన 2, 3, 5, 7ను కలిపితే 25. ఒక్క ప్రధాన సంఖ్యనూ జాబితాలో వెతకలేదు.

మైసెల్ ఈ పద్ధతికి పదును పెట్టి 1885లో చేత్తోనే 100 కోట్ల దాకా లెక్క చెప్పాడు. ఆయన జవాబులో 56 తగ్గాయి. 1959లో లేమర్ కంప్యూటర్‌తో 1,000 కోట్ల దాకా లెక్కించాడు, ఒకటి ఎక్కువ వచ్చింది. సరైన జవాబు 45,50,52,511. 1985లో లగారియాస్, మిల్లర్, ఒడ్లిజ్కో పద్ధతితో ఖర్చు సుమారుగా హద్దు ఘనమూలానికి వర్గం స్థాయికి దిగింది. 1 పక్కన 18 సున్నాలున్న హద్దు తీసుకుంటే, జల్లెడకు అన్ని అడుగులూ కావాలి, దీనికి లక్ష కోట్ల స్థాయి చాలు. పని పది లక్షల రెట్లు తగ్గింది. దీనికి పరిమితి కూడా ఉంది: ఆ ఒక్క పదమే వస్తుంది, మధ్యలోవి రావు.

ఒక్క పెద్ద సంఖ్యను పరీక్షించడం: 341 చేసే మోసం

సంఖ్య వందల అంకెలదైతే జల్లెడ ఆలోచనే వద్దు. ఫెర్మా చెప్పిన గుణం ఇక్కడ ఆదుకుంటుంది. 2 కాని ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకుని, 2కు దానికన్నా ఒకటి తక్కువ ఘాతాంకం వేసి, దానితోనే భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే అది ప్రధానం కాదు. వస్తే? 341 చూద్దాం. 2 ఘాతం 10 అంటే 1,024, అది 3×341+1. శేషం 1. అందువల్ల ఘాతం 340కీ శేషం 1. కానీ 341 = 11×31.

మిల్లర్, రాబిన్ పరీక్ష ఇంకాస్త లోతుకు వెళ్తుంది. 340 = 4×85. ఘాతం 85కి శేషం 32. దాన్ని వర్గం చేస్తే 1,024, శేషం 1. భాగించే సంఖ్య ప్రధానమైతే, వర్గానికి శేషం 1 వచ్చేవి 1, −1 (ఇక్కడైతే 340) మాత్రమే. ఇక్కడ 32 వర్గం 1 అయింది. దొంగ దొరికిపోయాడు.

ఈ పరీక్షలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక్కో ఆధారం (పైన 2 చేసిన పని చేసే సంఖ్య) దగ్గర సంయుక్త సంఖ్య తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. 64 బిట్లలో పట్టే సంఖ్యలకైతే 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే అనుమానమే ఉండదు. అంతకన్నా పెద్ద వాటికి కూడా సందేహం లేని, వేగానికి హామీ ఉన్న పద్ధతి ఉందా అన్న ప్రశ్నకు 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా జవాబిచ్చారు. కయాల్ తర్వాత ఇక్కడ బెంగళూరులోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో చేరారు. ఆ ఏకేఎస్ పరీక్ష సిద్ధాంతంలో మైలురాయి. రోజువారీ ప్రోగ్రాముల్లో మాత్రం మిల్లర్-రాబిన్ లాంటివే వాడతారు, ఎందుకంటే అవి చాలా వేగం.

మెర్సెన్ సంఖ్యలకు ఇంకా చక్కని పరీక్ష ఉంది. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతాంకం 5 అయితే సంఖ్య 31. 4, తర్వాత 14, తర్వాత 194 అంటే శేషం 8, తర్వాత 62 అంటే శేషం 0. సున్నా వచ్చింది, 31 ప్రధానం. అడుగులు ఘాతాంకం కన్నా రెండు తక్కువ. 2024 రికార్డుకు ఇదే పని 13 కోట్లకు పైగా అడుగులు, ప్రతి అడుగులోనూ 4 కోట్ల అంకెల సంఖ్యకు వర్గం. అలా వేల సంఖ్యలను పరీక్షించి వదిలేస్తే గానీ ఒకటి దొరకదు.

యాభై దగ్గర ఆగిపోయిన అనుక్రమం

అన్నిటికన్నా కఠినమైనది కారణాంకాలు అడిగే ప్రశ్న. 1963లో మల్లిన్ సూచించిన యూక్లిడ్-మల్లిన్ అనుక్రమం 2తో మొదలవుతుంది. వచ్చిన పదాలన్నీ గుణించి, 1 కలిపి, దాని అతి చిన్న ప్రధాన కారణాంకం తీసుకోవాలి. 2+1 = 3. 2×3+1 = 7. 42+1 = 43. 1,806+1 = 1,807 అంటే 13×139, కాబట్టి 13. తర్వాత 23,479 అంటే 53×443, కాబట్టి 53. తర్వాత 5. ఆ తర్వాత ఒక్కసారిగా 62,21,671.

నియమం ఆరో తరగతి పిల్లలకు చెప్పొచ్చు. కానీ లబ్ధం ప్రతిసారీ పెరుగుతుంది, దాన్ని విడగొట్టక తప్పదు. 2012 నాటికి 51 పదాలు తెలిశాయి. 52వది కావాలంటే 335 అంకెల సంఖ్యకు కారణాంకం వెతకాలి. పోలికకు చూస్తే, 2020లో 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250ని విడగొట్టడానికే సుమారు 2,700 కోర్-సంవత్సరాలు పట్టింది. ఆ 51 పదాల్లో 31 దాదాపు చివర కనిపించింది, 41 ఇంకా కనిపించలేదు. ప్రతి ప్రధాన సంఖ్యా ఏదో ఒకనాటికి ఇందులోకి వస్తుందా అన్నది తేలలేదు.

ఇంత దూరం లెక్కించడం వల్ల ఏం తెలుస్తుంది?

పొడవుగా లెక్కించాల్సిందే అనేవాళ్ల చేతిలో బలమైన ఉదాహరణ పోల్యా ఊహ. ఏ హద్దు దాకా చూసినా, ప్రధాన కారణాంకాల లెక్క (8 అంటే 2×2×2 కాబట్టి మూడు) బేసిగా వచ్చేవి కనీసం సగం ఉంటాయని 1919లో పోల్యా ఊహించాడు. 10 దాకా చూస్తే 2, 3, 5, 7, 8 బేసి, 1, 4, 6, 9, 10 సరి. సరిగ్గా సగం. 12 దాకా వెళ్తే బేసివే ఎక్కువ. లక్ష దాకా, కోటి దాకా, పది కోట్ల దాకా చూసినా ఊహ నిలబడుతుంది. 90,61,50,257 దగ్గర మొదటిసారి విరుగుతుంది. అది తప్పని 1958లో హాసెల్‌గ్రోవ్ నిరూపించాడు, విరిగే మొదటి చోటు ఇదని తనాకా 1980లో తేల్చాడు. ఈరోజు అదే లెక్క పైన చెప్పిన కారణాంకాల పట్టికను ముక్కలుగా చేసుకుంటే మామూలు కంప్యూటర్ మీద అయిపోతుంది.

పొడవు ఒక్కటే చాలదనేవాళ్ల దగ్గర మెర్టెన్స్ ఊహ ఉంది. అదీ ప్రధాన కారణాంకాల సరి, బేసిలకు సంబంధించిందే. వర్గ కారణాంకం ఉన్న సంఖ్యలను పక్కనపెట్టి, సరివాటికి +1, బేసివాటికి −1 వేసి కూడుకుంటూ పోతే, మొత్తం ఎప్పుడూ హద్దు వర్గమూలాన్ని దాటదన్నది ఆ ఊహ. 1 పక్కన 16 సున్నాల దాకా ప్రతి హద్దునూ లెక్కించి చూశారు, ఎక్కడా దాటలేదు. అయినా అది తప్పని ఒడ్లిజ్కో, టె రీల్ 1985లోనే నిరూపించారు, విరిగే చోటు ఏదో చెప్పకుండానే. దానికి వాళ్లు ఈ అనుక్రమాన్ని పొడిగించలేదు. ప్రధాన సంఖ్యలతో ముడిపడిన రీమాన్ జీటా ప్రమేయం విలువ సున్నా అయ్యే చోట్లలో మొదటి 2,000ను ఒక్కొక్కటీ సుమారు 100 దశాంశ స్థానాల దాకా లెక్కించి పెట్టుకుని, వాటి మీద రుజువు కట్టారు.